చేవెళ్ల మఱ్ఱులు: బాటసారి మజిలీ యేది?

హైదరాబాదు వీడి, పోలీసు అకాడమీ కూడలి దాటి, మొయినాబాదు మీదుగా చేవెళ్లకును, అచటినుండి మన్నెగూడకును పోవు బాట నొక్కమాఱైనను చూచినవారికి దానిని గుఱించి వేఱుగ వర్ణింప నక్కఱలేదు. ఎఱుగనివారి నిమిత్తము రెండు మాటలు చెప్పెదము. ఆ బాట పొడవు సుమారు 46 కిలోమీటర్లు. దాని కిరుప్రక్కలను తొమ్మిదివందలకు పైబడి మఱ్ఱిచెట్లు కలవు. ఇవి నిజాముల కాలమున నాటబడినవని ప్రతీతి. నడివేసవిలో మిట్టమధ్యాహ్నపుటెండ బీళ్లను మాడ్చుచున్నపుడు సైతము, ఈ కొమ్మల క్రింద ఎండ పొడలు పొడలుగా మాత్రమే నేలపై బడును. బస్సుకొఱకు నిలుచు ముదుసలియు, కూరగాయల గంప దించుకొన్న రైతుపడుచును, మేకలను తోలుకొని వచ్చు కుఱ్ఱవాడును, లారీ నాపి చక్రములను తట్టి చూచుకొను డ్రైవరును, అందఱును చేరునది ఆ నీడకే. దానికి అద్దె లేదు, తాళము లేదు, వేళ లేదు.

ఈ బాటను నాలుగు వరుసల జాతీయ రహదారిగా వెడల్పు చేయవలెనని సంకల్పింపబడినది. సంకల్పము తప్పు కాదు. గీచిన గీత తప్పు. ఉన్న బాటనే ఇరుప్రక్కల త్రవ్వి పెంచుటయనగా చెట్ల వరుసలు రెంటిని నేలగూల్చుటయే. అందులకు సమ్మతింపని కొందఱు జాతీయ హరిత ట్రిబ్యునలు నాశ్రయించిరి. పని ఆగినది. ఏండ్లు గడచినవి. తుదకు చెట్లలో అధికభాగమును ఉన్నచోటనే నిలిపెదమనియు, కొన్నిటిని మాత్రము పెకలించి వేఱొకచోట నాటెదమనియు రహదారుల సంస్థవారు చెప్పినమీదట, 2025 అక్టోబరు చివర ఆ నిషేధము తొలగింపబడినది.

పట్టుమని నాలుగు దినములు గడవలేదు. నవంబరు 3వ తేదీ ఉదయమున, తాండూరునుండి పట్నమునకు వచ్చుచున్న ఆర్టీసీ బస్సును మీర్జాగూడ సమీపమున కంకర నింపిన టిప్పరు ఢీకొన్నది. కంకర బస్సులోని వారిపై కుప్పగా గూలినది. ఇరువదిమందికి చేరువగా ప్రాణములు గోల్పోయిరి. వారిలో చదువులకై పట్నమునకు వచ్చుచున్న బిడ్డలు నుండిరి. ఆ దినమున ఆ యిండ్లలో పుట్టిన శోకమునకు ఏ పత్రికయు సమాధానము చెప్పజాలదు, మేమును చెప్పబూనము. కాని ఆ శోకమును ఆయుధముగా జేసికొన్నవారికి సమాధానము చెప్పుట మా విధి. శవములింకను ఇండ్లకు చేరకమునుపే, చెట్లకొఱకు న్యాయస్థాన మెక్కినవారే యీ మరణములకు కారకులనియు, మనుజుల ప్రాణములకంటె మఱ్ఱికొమ్మలు మిన్నయయ్యెననియు మాటలు వినవచ్చినవి. పరీక్షింపకయే దానిని నమ్మినవారు నమ్మిరి.

పరీక్షించి చూతము. మొదట ఆ టిప్పరు సంగతి. అధికభారముతో పోవు బండికి 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 20,000 రూపాయల జరిమానాను, మీదుమిక్కిలి ప్రతి టన్నునకు 2,000 రూపాయలను విధించుచున్నది. చట్టమింత ఘనముగా నున్నది గదా, ఈ బాటపై రేయింబవళ్లు తిరుగు కంకర టిప్పర్లను తూచు కాటా యెచట? తూచువా డెవడు? తూచిన దినముల సంఖ్య యెంత? మఱ్ఱిచెట్టు టిప్పరులో కంకర పోయలేదు. పిదప బాట సంగతి. చెట్లను కొట్టవద్దన్న ఉత్తరువు గుంటలను పూడ్చవద్దని చెప్పెనా? బాట అంచులను మట్టివేసి గట్టిపఱుపవద్దని చెప్పెనా? మలుపులకడ రేయి మెఱయు పలకలు నాటవద్దని, చెట్ల బోదెలకు తెల్లసున్నపు పట్టెలు వేయవద్దని, వేగమును కట్టడిచేయవద్దని చెప్పెనా? వీనిలో దేనికిని ఒక్క కొమ్మయైనను నఱక నక్కఱలేదు. ట్రిబ్యునలు అనుమతియు నక్కఱలేదు. ఇవి చేయక చేతులు ముడుచుకొని కూర్చుండి, తుదకు నేరమును నోరులేని చెట్టుపై మోపుట పౌరుషము కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు. చెట్లలో అధికభాగమును నిలిపి బాట వేయవచ్చునని తుదకు అధికారులే యొప్పుకొనిరి గదా! ఇపుడు సాధ్యమైనది మొదట ఏల సాధ్యము కాలేదు? ఆ మొదటి నక్ష గీచిననాడే యెవడైన ఒక యింజనీరు కాలినడకను 46 కిలోమీటర్లును తిరిగి, చెట్ల నెంచి, క్రొత్త వరుసలను చేలలోనుండి తీసి, పాత బాటను ఒక దిక్కు రాకపోకలకు విడిచియుండినచో, ఏ వ్యాజ్యమును ఉండెడిది కాదు; ఏ నిషేధమును ఉండెడిది కాదు; బాటయు ఏనాడో పూర్తియై యుండెడిది. జాగునకు కారణము చెట్టును కాదు, చెట్టుకొఱకు మొఱవెట్టినవాడును కాదు. చెట్టు లెక్కకు రాదనుకొన్న నక్షయే కారణము.

ఇంతమాత్రమున చేవెళ్ల, మొయినాబాదు గ్రామస్థుల బాధను మేము తేలికజేయుచున్నామని యెవరును తలపవలదు. ఇరుకైన బాట, అంచున నున్న లావుపాటి బోదె, ఎదురుగా దీపములు కన్నులు చీకట్లు గ్రమ్మ వచ్చు లారీ: వీని నడుమ అనుదినమును ద్విచక్రవాహనముపై పోవువాని గుండెదడను, ఆదివారమునాడు మాత్రము కెమెరా చేతబట్టి వచ్చి నీడలో ఫలహారము తిని పోవు నగరవాసి యెఱుగడు. వృక్షప్రేమికులలో కొందఱికి ఈ సంగతి తోచినట్లు లేదు. వారికి మే మీమాట చెప్పక తప్పదు: ఊరివాడు మీ పక్షమున లేనిచో ఏ ట్రిబ్యునలును చెట్టును చిరకాలము కాపాడలేదు. బాట వెడల్పు కావలసినదే. చేలు పోగొట్టుకొను రైతునకు న్యాయమైన ధర, ఆలసింపక, చేతికి ముట్టవలసినదే. చెట్టు మిగులుట రైతు నోట మన్ను గొట్టుట కారాదు.

కాని మన పెద్దలు బాటను గుఱించి యెట్లు తలచిరో యొకింత స్మరింపుడు. కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనములు నేటికిని చదువ శక్యమై యున్నవి. బాటల వెంబడి మనుజులకును పశువులకును ఉపయోగపడునట్లు నూతులు త్రవ్వించి చెట్లు నాటించితినని ఆ చక్రవర్తి అందు చెప్పించెను. తోప్రానుండి ఢిల్లీకి తేబడిన స్తంభముపైనున్న యేడవ శాసనమున ఇంకను స్పష్టముగా, బాటలపై మఱ్ఱిచెట్లను నాటించితిననియు, మామిడితోపులు వేయించితిననియు, నూతులును మజిలీలును చలిపందిళ్లును ఏర్పఱచితిననియు లిఖింపించెను. మఱ్ఱిచెట్టు, నూయి, మజిలీ: ఈ మూడును ఆయన దృష్టిలో ఒక్క పనియే. బాటయనగా రెండూళ్ల నడుమ దూరమును త్రుంచునది మాత్రమే కాదు. నడచువాడు సొమ్మసిల్లక గమ్యము చేరునట్లు చూచునది. ఇరువదిరెండు శతాబ్దములకు పైబడిన యీ భావము మన నేలలో అంతరింపలేదు. గోలకొండ సుల్తానుల నాటి షేక్‌పేట సరాయి అందులోనిదే. గోదావరి లంకలలో పేరు వెలసిన డొక్కా సీతమ్మగారి అన్నదానము అందులోనిదే. ఎండకాలమున ఊరివారు కుండలు పెట్టి నడుపు చలివేంద్రము అందులోనిదే. చేవెళ్ల మఱ్ఱులను నాటించిన నిజాముల నాటి అధికారి యెవడో మన మెఱుగము. వాడు చేసినపని అశోకుడు చేసినపనియే.

ఇపుడు క్రొత్త మజిలీలను చూతము. జాతీయ రహదారులపై ప్రతి 40 మొదలు 60 కిలోమీటర్ల కొకటి చొప్పున ప్రయాణికుల సదుపాయస్థానములు కట్టింపవలెనని కేంద్రమువారి విధానము. పెట్రోలుబంకు, విద్యుద్వాహనములకు ఛార్జింగు, భోజనశాల, అంగళ్లు, మఱుగుదొడ్లు, లారీ డ్రైవర్లకు పడక, బండ్లు నిలుపు మైదానము. ఇవి చెడ్డవని మేమనము. రాత్రియెల్ల బండి నడపినవానికి పడక దొరకుట పుణ్యకార్యము. దూరప్రయాణమున స్త్రీలకు శుభ్రమైన మఱుగుదొడ్డి దొరకుట అంతకంటెను పుణ్యకార్యము. మా ప్రశ్న వేఱు. నీడను నఱికి, నఱికినచోట రేకుల కప్పు వేసి, దానిక్రింద యంత్రముచే చల్లదనమును పుట్టించి, ఆ చల్లదనమును కాఫీ వెలలో కలిపి అమ్ముటను సదుపాయమందుమా? చేతిలో రూపాయి లేని బాటసారికి ఆ తలుపు తెఱచుకొనునా? మేకలను తోలుకొనిపోవు కుఱ్ఱవానిని ఆ మైదానమున నిలువనిత్తురా?

ఈ సంగతిని ఇపుడే యేల యెత్తుచున్నామనగా, చేవెళ్ల మఱ్ఱులకు మున్ముందు రాబోవు గండ మిదియేయని మా నమ్మకము. ట్రిబ్యునలు ఎదుట గొడ్డలి నిలిచినది. పెట్రోలుబంకు ఎదుట నిలుచునా? పని జరుగు తీరు ఎఱిగినవారికి విదితమే. బాట వెడల్పగును. ప్రక్క చేనికి వెల పెరుగును. చేను కొన్నవాడు బంకునకో, భోజనశాలకో, కల్యాణమంటపమునకో అనుమతి వేడును. హైవేనుండి బండి లోనికి మళ్లుటకును, మరల బాట చేరుటకును విడిగా దారి కావలెను. అటునిటు చూపునకు అడ్డము లేకుండవలెనను నియమము కలదు. ఆ అడ్డము ఏది? మఱ్ఱిచెట్టు. ప్రజాక్షేమముకొఱకు ఒక్క చెట్టు, ఒక్కటే చెట్టు, తీసివేయుటకు దరఖాస్తు వచ్చును. ఒక్క చెట్టునకు ఎవడు వ్యాజ్యము వేయును? ఆ మఱుసటియేట ఫర్లాంగు దూరమున మఱియొకటి. అనుమతి దొరకనిచోట బోదె మొదట చెత్త పోగుబడును, ఒకనాటి రాత్రి ఆ చెత్తకు నిప్పంటుకొనును, ఎవరంటించిరో యెవరును ఎఱుగరు, ఏడాదికి చెట్టెండును, ఎండిన చెట్టు ప్రమాదకరమని తహశీల్దారువారే కొట్టింతురు. మన దేశమున ఎన్ని బాటలపై ఎన్ని చెట్లు ఇట్లు చచ్చినవో లెక్కలేదు. తొమ్మిదివందల చెట్లను ఒక్కమాఱు కొట్టబోవువానిని ఎదిరింపవచ్చును. ఏటేట పదింటిని కొఱుకుకొని తినువానిని పట్టుకొనుట యెట్లు?

ఈ వ్యాపారమునకు సీమలు లేవు. ఇంగ్లండులో షెఫీల్డు నగరసమీపమున, ఎమ్1 అను మోటారుబాట ప్రక్క, స్మిథీవుడ్ అను ప్రాచీనమైన వనమొకటి కలదు. ఆ వనమున కొంతభాగమును కొట్టి అందు పెట్రోలు, భోజనము, బసగల మజిలీ కట్టెదమని 2014లో ఒక కంపెనీ దరఖాస్తు పెట్టినది. బదులుగా వేఱుచోట వేలకొలది మొక్కలు నాటెదమన్నది. ఆ ప్రాంతమునకు ఉద్యోగములు వచ్చునని కొందఱు సంతోషించిరి. ఊరివారు మఱికొందఱు, శతాబ్దములనాటి వనమునకు నిన్నటి మొక్క బదులెట్లగునని నిలదీసిరి. ఏండ్లకొలది వివాదము నడచి తుదకు ఆ దరఖాస్తు ఉపసంహరింపబడినది, వనము నిలిచినది. ఆంగ్లేయులనుండి మనము నీతి నేర్వవలెనని చెప్పుట కిది వ్రాయలేదు. మన అడవులను రైలుపట్టాల స్లీపర్లక్రింద లెక్కగట్టినది ఆ జాతియే. అడవిలో పశువులను మేపినందులకు పుల్లరి గోరగా, దాని నెదిరించి పల్నాటిలో కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకిగుండ్లకు బలియైనది ఆ దొరతనముననే. మనకు స్వరాజ్యము వచ్చి డెబ్బది యేండ్లు దాటినది. తమ వనమును తాము కాపాడుకొన్న షెఫీల్డు ప్రజలు, మన దేశమున గొడ్డలి విడిచిపోయిన వారి మనుమలే. ఆ గొడ్డలి మాత్రము మనచేతనే యున్నది.

వేఱొకచోట నాటెదమనుమాటను గుఱించియు విచారింతము. బదులు మొక్కలు నాటుటలో మనకు అనుభవము కొఱవడలేదు. తెలంగాణమున 2015లో ఆరంభమైన హరితహారమున 230 కోట్ల మొక్కలు లక్ష్యముగా చెప్పబడినది. అందు బ్రదికి చెట్లైనవి కలవు, కాదనము. బాటల ప్రక్కల శీఘ్రముగా పెరుగునని కోనోకార్పస్ అను పరదేశపు మొక్కను నాటి, పిదప అది తగదని తామే మానిపించినదియు కలదు. మొక్కను నాటుట తప్పు కాదు. నాటినమొక్క పేరుచెప్పి నిలిచిన చెట్టును కొట్టుటయే తప్పు.

ఇక పెకలించి నాటుట. మఱ్ఱి కొమ్మ పాతినను చిగిర్చు జాతి. కావున బోదె బ్రదుకవచ్చును. కాని పెకలించుటకు ముందు కొమ్మలన్నియు నఱుకుదురు; ఊడలు తెగగోయుదురు; వేళ్లను బోదెచుట్టు గుండ్రముగా ఖండింతురు. మిగిలినది మొండెము. దానిని క్రేనుతో ఎత్తి లారీపై కట్టి వేఱొక గుంటలో నిలిపి, చెట్టును కాపాడితిమని ఫొటో దీయింతురు. నూఱేండ్లనాటి నీడ మరల రావలెనన్న, మన మనుమలు ముదుసలులు గావలెను. అది బ్రదికినను బాట నీడ బాటకు రాదు.

మఱియొక రహస్యమును ఈ పేరాశగల లెక్కలవారు ఎఱుగరు. మఱ్ఱిపండులోపల పూవు దాగియుండును. ఆ పూవును ఫలింపజేయుటకు చీమతలయంత కందిరీగజాతి పురుగొకటి కలదు. ఆ పురుగు మఱ్ఱిపండులోనే పుట్టి, మఱియొక మఱ్ఱిపండులోనే గ్రుడ్లుపెట్టి చచ్చును. పురుగు లేనిదే మఱ్ఱికి గింజ లేదు. మఱ్ఱి లేనిదే ఆ పురుగునకు బ్రదుకు లేదు. రెక్కలు వచ్చిన పిదప దాని ఆయుర్దాయము ఒకటి రెండు దినములు మాత్రమే. ఒక చెట్టు పండ్లు పండునప్పటికి మఱియొకచెట్టు క్రొత్తగా కాయుచుండవలెను. అదియు ఆ పురుగు చేరగలిగిన దూరమున నుండవలెను. కావుననే పెక్కుచెట్లు వరుసగా నుండుటలో అర్థము కలదు. ఏడాది పొడవునను ఏదో యొక చెట్టుపై పండుండును. చిలుకలును, కోయిలలును, రాత్రివేళ గబ్బిలములును వేఱు పండ్లు లేని దినములలో దానిపైననే బ్రదుకును. ఈ వరుసలో అచటొకటి అచటొకటి తీసివేసి, మిగిలినవి యున్నవి గదాయనుట, హారములో దారము త్రెంచి పూసలున్నవి గదాయనుటవంటిది.

మన ప్రభుత్వమువారికి మఱ్ఱియందు భక్తి లేదని యనజాలము. మహబూబునగరు కడనున్న పిల్లలమఱ్ఱికి చెదలు పట్టి కొమ్మలు విఱుగుచుండగా, 2018లో రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలు వ్రేలగట్టి చెట్టునకు మందు నెక్కించిరి. దేశమంతయు ఆ చిత్రమును చూచి మెచ్చుకొన్నది, మేమును మెచ్చుకొంటిమి. కదిరి సమీపమున తిమ్మమ్మ మఱ్ఱిమానును చూపి మనము లోకమునకు గొప్పలు చెప్పుకొందుము. ఏకైక మహావృక్షమునకు సీసాతో మందు, బాటనున్న తొమ్మిదివందలకు గొడ్డలి! యాత్రికుడు టిక్కెట్టు కొని చూచునది పూజ్యము, బాటసారి ఊరక కూర్చుండునది అడ్డము. ఇదేమి న్యాయము?

రూపాయలలో చెప్పినగాని చెవికెక్కదనువారికి రూపాయలలోనే చెప్పుదము. పశ్చిమ బెంగాలులో రైలువంతెనలకొఱకు 356 చెట్లను కొట్టబోవు వివాదమున, సర్వోన్నత న్యాయస్థానము నియమించిన నిపుణుల సంఘము 2021లో ఒక లెక్క నిచ్చినది: చెట్టు విలువ యనగా దాని వయస్సును 74,500 రూపాయలచే గుణించిన మొత్తము. ఆ లెక్కను చేవెళ్లకు తెచ్చి, చెట్టు నూఱేండ్లదని తలచినచో, ఒక్కొక్కటి 74 లక్షల 50 వేలు. తొమ్మిదివందలకు 670 కోట్లు దాటును. ఏ టెండరులోనైనను ఈ యంకె వ్రాయబడినదా? అయితే ఈ లెక్కలయందు మాకు పెద్ద నమ్మకము లేదు. ఆ లెక్క వేసినమీదటనే, ఆ బెంగాలు చెట్లను కొట్టుటకు 2023లో అనుమతి లభించినది. వెల కట్టబడినదేదైనను కొనబడును.

పేరు విషయమై ఒక్కమాట. ఇది జాతీయ రహదారి. మఱ్ఱి జాతీయ వృక్షము. జాతీయ రహదారికొఱకు జాతీయ వృక్షమును వందలకొలది నేలగూల్పజూచిన నక్ష జాతీయమెట్లగునో మాకు బోధపడలేదు. నిర్మలలో రాంజీ గోండును, ఆయన యనుచరులను తెల్లదొరల సైన్యము 1860లో ఉరిదీసిన చెట్టునకు జనులు వెయ్యియురుల మఱ్ఱియని పేరిడిరి. ఆ చెట్టు నేడు లేదు. పేరు మాత్రము నిలిచినది. చేవెళ్ల మఱ్ఱులకు పేరుమాత్రమే మిగులు దినము రాకూడదు.

ఈ బాటపై ఇంత తొందర యెవరిదో కూడ గమనింపవలెను. అనంతగిరికొండలలో బుట్టిన మూసీ ఈ సీమలోనుండియే పట్నమునకు వచ్చును. గండిపేట, హిమాయతుసాగరు చెఱువులు ఈ చేరువనే యున్నవి. ఆ చెఱువులకు పది కిలోమీటర్ల లోపలి 84 గ్రామములలో కట్టడములను అదుపుచేయుచు 1996లో 111వ ఉత్తరువు వెలువడినది; 2022లో 69వ ఉత్తరువుచే ఆ యాంక్షలను తొలగించునట్లు ప్రకటింపబడినది. నాటినుండి ఈ బాట వెంబడి ప్లాట్ల ప్రకటనల పలకలు మఱ్ఱికొమ్మలతో పోటీపడుచున్నవి. తాండూరు బండలు మోయు లారీకిని, వికారాబాదు రోగిని పట్నపు ఆసుపత్రికి తెచ్చు ఆంబులెన్సుకును వెడల్పైన బాట కావలెను, నిజమే. పలకలవానికిని కావలెను. వాని కోరికను రోగి కోరికతో కలిపి మనకు చూపుచున్నారు. విడదీసి చూచుట మనపని.

కావున మే మడుగునది కొంచెమే. నిలిపెదమని ట్రిబ్యునలు ఎదుట చెప్పిన ప్రతి చెట్టునకును సంఖ్య వేయించి, ఆ పట్టికను తెలుగున అచ్చువేయించి, ప్రతి గ్రామపంచాయతి గోడకును అంటింపవలెను. పెకలించిన చెట్లు ఎచట నాటబడినవో, బ్రదికినవో చచ్చినవో, ఏడాదికొకమాఱు ప్రకటింపవలెను. ఈ 46 కిలోమీటర్లలో ఏ బంకునకైనను, భోజనశాలకైనను, సదుపాయస్థానమునకైనను దారి యిచ్చునపుడు, ఎదుట మఱ్ఱి యున్నచోట ఇయ్యమని ముందే నియమము చేయవలెను. చెట్లు లేని బీడు ఎంతయో కలదు, అచట కట్టుకొందురుగాక. మన్నెగూడ మొదలు అకాడమీ కూడలివఱకు టిప్పర్లను తూచు కాటాలు ఈ నెలలోనే పెట్టింపవలెను. దీనికి నాలుగు వరుసల బాట పూర్తియగువఱకు ఆగనక్కఱలేదు. మీర్జాగూడ మృతుల కుటుంబములకు చెప్పిన ధనసహాయము ముట్టినదో లేదో, ఎంత ముట్టినదో, అదియు అచ్చున రావలెను.

చేవెళ్ల, మొయినాబాదులలోని పఠనమందిరములవారికి మా మనవి యొకటి. ఆ పట్టిక వెలువడిన దినమున ఒక ప్రతిని తెచ్చి, వార్తాపత్రికల బల్లకు ఎదురుగా గోడకు వ్రేలగట్టుడు. ఏటేట దీపావళి మఱునాడు పదిమంది కుఱ్ఱవాండ్రను వెంటబెట్టుకొని, సైకిళ్లపై పోయి, సంఖ్యల ప్రకారము చెట్లను ఎంచి రండు. ఏ సంఖ్య కనబడకున్నదో, అచట ఏ బంకు వెలసినదో, మాకు ఒక కార్డుముక్క వ్రాయుడు. దానిని మొదటిపుటలో ప్రకటింతుము.